లియాన్ నగరపు నలువదియేడేండ్ల మేయరు



1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీని మన ఒంగోలు ప్రాంతమున, వినోదరాయునిపాలెమను చిన్న గ్రామమునందు, టంగుటూరి ప్రకాశము పంతులుగారు జన్మించిరి. సరిగా అంతకు ఏడు వారములకు ముందు, అనగా అదే సంవత్సరము జూలై 5వ తేదీని, ఫ్రాన్సు దేశమునందలి త్రువా అను పట్టణమున, ఒక సైనికోద్యోగి యింట, ఎద్వార్ ఎరియో అను శిశువు జన్మించెను. ఈ యిరువురును ఒకరి నొకరు ఎరిగినవారు కారు. అయినను ఇరువురును యౌవనముననే తాము కాపురమున్న పట్టణములకు పురపాలకాధ్యక్షులైరి. ఇరువురును వాగ్ధాటిచే సభల నూపివేసినవారు. ఇరువురును కాలక్రమమున మంత్రివర్గములకు నాయకులైరి. ఇరువురి మంత్రివర్గములును చిరకాలము నిలువలేదు. తుదకు 1957వ సంవత్సరముననే, మార్చి 26వ తేదీని ఎరియోయును మే 20వ తేదీని పంతులుగారును, రెండు మాసముల యెడముతో కన్నుమూసిరి.

పంతులుగారి చరిత్రము మనకు కంఠస్థము. ఆయన రాజమహేంద్రవరపు మునిసిపాలిటీని విడిచి, బారిస్టరు చదువునకై సముద్రము దాటి, తిరిగి వచ్చి చెన్నపట్టణమున న్యాయవాదియై, ఆ పిమ్మట సర్వస్వమును దేశమునకు ధారపోసి, ఆంధ్రదేశమంతటిని తన యూరుగా చేసికొనిరి. ఎరియో త్రోవ వేఱు. ఆయన మూడు పర్యాయములు ఫ్రాన్సునకు ప్రధానమంత్రి యయ్యెను గాని తన యూరి మేయరు పదవిని మాత్రము ఏనాడును తనంతట తాను విడువలేదు. 1905 నవంబరులో, ముప్పదిమూడేండ్ల ప్రాయమున, లియాన్ నగరపు పీఠమెక్కిన యాతడు, శత్రుపాలనకు లోబడిన అయిదేండ్లు తప్ప, కన్నుమూయువరకును ఆ పీఠముననే యుండెను. లెక్కించినచో నలువదియేడేండ్లు! ఈనాడు నేను మీకు విన్నవింపదలచినది ఆ నలువదియేడేండ్ల కథ.

మేయరు అనగానే మనవారి కనులయెదుట నిలుచునది పూర్వపు మద్రాసు కార్పొరేషను మేయరు మూర్తి: పొడవైన అంగీ, మెడలో బంగారు గొలుసు, ఒక్క యేడాది పదవి. ఏడాది తిరుగునప్పటికి మరియొకరు. పురపాలన యంతయు కమిషనరు చేతిలో. గౌరవమంతయు మేయరు మెడలో. ఫ్రాన్సు దేశపు పద్ధతి ఇట్టిది కాదు. 1884లో అచ్చట చేసిన మునిసిపల్ శాసనము ప్రకారము, ఓటర్లు సభ్యుల నెన్నుకొందురు, సభ్యులు తమలో నొకనిని మేయరుగా నెన్నుకొందురు, ఆ మేయరే సభకు అధ్యక్షుడును, సభ నిర్ణయములను నెరవేర్చు కార్యనిర్వాహకుడును. ఉద్యోగుల నియామకము ఆయనది. జనన మరణముల పట్టికలు ఆయన సంతకముతోడివి. వివాహములు చట్టరీత్యా జరుగవలెనన్నను వధూవరులు ఆయన యెదుటనో ఆయన సహాయకుల యెదుటనో నిలువవలసినదే. (మన మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము కూడ 1884 నాటిదే యగుట ఒక వింత, కాని ఆ చట్టము మనవారి కిచ్చిన అధికారమెంత, కలెక్టరు దొరవారి గుప్పిటిలో నిలిపియుంచినదెంత యను విషయము మరియొక ప్రసంగమునకు తగినది.) లియానులో మాత్రము పోలీసు బలగము మేయరుది కాదు. తిరుగుబాట్ల యూరని భయపడి పారిసు ప్రభుత్వము 1851లోనే దానిని తన ప్రతినిధి యగు ప్రిఫెక్టుకు అప్పగించినది.

తిరుగుబాట్ల యూరని యెందుకనిరో చెప్పవలెను. ఉత్తరమునుండి సోన్ నదియు, ఆల్ప్సు పర్వతములనుండి రోన్ నదియు వచ్చి కలియు సంగమస్థానమున వెలసిన నగరమది. సోన్ నదికి పడమట ఫుర్వియేర్ కొండ, దానిపై గుడులు. రెండు నదుల నడుమ క్రువా-రూస్ కొండ, దానిపై మగ్గములు. అచ్చటి పట్టు నేతగాండ్రను 'కానూ' లందురు. మన ధర్మవరమున మగ్గముపై కనబడు జకార్డు పెట్టె యున్నదే, దానిని కనిపెట్టిన జకార్డు ఈ లియాను బిడ్డయే, పట్టునేత కుటుంబములో పుట్టినవాడే. నేతకు తగిన కూలి నిర్ణయింపుడని ఆ కానూలు 1831లోను 1834లోను వీధుల కెక్కిరి, సైన్యముచే అణచివేయబడిరి. ఇరువదవ శతాబ్ది యారంభము నాటికి అయిదు లక్షలకు చేరువయైన జనముతో, పట్టుతో పాటు రసాయనములును యంత్రములును తయారుచేయుచు, రోన్ నదికి తూర్పున పల్లపు నేలలపై ఒక క్రమము లేక పెరుగుచున్న నగరమది.

ఆ నగరమునకు ఎరియో పాఠములు చెప్పుకొనుటకు వచ్చెను. పారిసు నందలి ఎకోల్ నార్మాల్ విద్యాసంస్థలో చదివి, నాంత్ నగరమున కొంతకాలము బోధించి, 1896లో లియానులోని ఆంపేర్ విద్యాలయమున సాహిత్యాధ్యాపకుడుగా కుదిరెను. నెపోలియను కాలపు విదుషీమణి, లియాను నగరముననే జన్మించిన శ్రీమతి రెకామియేను గూర్చియు ఆమె మిత్రులను గూర్చియు ఆయన వ్రాసిన పెద్ద గ్రంథమునకు డాక్టరు పట్టము లభించెను. అంతటితో ఆ జీవితము చదువుల గదిలోనే గడచిపోవలసినదే. కాని అవి డ్రైఫస్ వ్యవహారపు దినములు. యూదుడైన ఒక సైనికోద్యోగిపై మోపిన దొంగ నేరమును గూర్చి దేశమంతయు రెండుగా చీలియున్న తరి. ఎరియో న్యాయపక్షమున నిలిచెను. ఆ నిలుచుటయే ఆయనను రాడికల్ పక్షములోనికి దింపెను. 1904లో నగర సభ్యుడయ్యెను. మరుసటి యేట మేయరు ఒగాన్యేరును ప్రభుత్వము మడగాస్కరు ద్వీపమునకు గవర్నరుగా నియోగించుటచే పీఠము ఖాళీపడెను. సభ్యులు ఈ యువకోపాధ్యాయుని ఎన్నుకొనిరి.

పీఠమెక్కిన క్రొత్తలో ఎరియో కనుగొన్న నిధి ధనము కాదు, ఒక మనుష్యుడు. టోనీ గార్నియే క్రువా-రూస్ కొండమీది పట్టునేతల పేటలో పుట్టినవాడు. వాస్తుశిల్పమున రోము బహుమతి గెలిచి, ప్రభుత్వ వ్యయమున రోమునగరమున నివసించుచు, పూర్వ శిథిలములను చిత్రించుటకు మారుగా, ముప్పదియైదువేల మంది జనులు సుఖముగా కాపురముండదగిన ఒక ఊహానగరమును కాగితముపై నిర్మించి పెద్దల యాగ్రహమునకు గురియైన వాడు. వీధివీధికిని చెట్లు, గదిగదికిని ఎండ, ఊరి మధ్య సభాగృహము, ఊరికి దూరముగా కర్మాగారము, కొండయెదుట ఆరోగ్యశాల. ఇట్టి చిత్రములను చూచి మెచ్చుకొనువారు ఏ దేశమునను కొఱత కారు. వానిని చేతబట్టుకొని 'ఇందలి ఆసుపత్రిని మా యూర కట్టిపెట్టు'మని పని నప్పగించువారు అరుదు. ఎరియో అట్టివాడు.

మొదట కట్టదలచినది పశువధశాల, మనము వాడుకలో కబేళా అనునది. వినుటకు ఇంపైన విషయము కాదు. కాని నగరారోగ్యమును గూర్చి నిజముగా తలచువాడు ఆరంభింపవలసినది అచ్చటనే యని నేననుకొందును. మురుగు, మాంసము, పాలు, నీరు, వీని సంగతి చక్కబరుపక ఉద్యానవనములు నాటిన ప్రయోజనమేమి? ఊరి నడుమ నున్న పాత వధశాలలను తొలగించి, దక్షిణమున లా మూష్ అను చోట గార్నియే ఒక మహాశాలను లేపెను. రెండువందల పది మీటర్ల పొడవు, ఎనుబది మీటర్ల వెడల్పు, లోపల ఒక్క స్తంభమైనను లేదు. ఉక్కు దూలములు మెట్లు మెట్లుగా పైకి లేచి, నడుమ గాజుపలకలగుండ వెలుతురు దిగును. 1914 నాటికి ఆ శాల సిద్ధమయ్యెను. పశువులు రాకముందే మనుష్యులు వచ్చిరి. ఎరియోయును, ఆరోగ్యశాస్త్రాచార్యుడు జూల్ కూర్మోనును కలసి, ఆ శాలను కేంద్రముగా జేసికొని, ప్రపంచ నగరముల నిర్వహణను గూర్చి ఒక మహాప్రదర్శనమును ఆ సంవత్సరము మే నెలలో తెరచిరి. మంచినీరు ఎట్లు తేవలెను, చెత్త నెట్లు పారవేయవలెను, క్షయరోగము నెట్లు అరికట్టవలెను: ఇవి ఆ ప్రదర్శనపు విషయములు. ఇరుగుపొరుగు దేశములవారు తమతమ మందిరములను తెరచిరి. అందు జర్మనులును ఉండిరి.

ఆగస్టులో యుద్ధము వచ్చెను.

నగరములను బాగుపరచు విద్యను చూపుటకు కట్టిన శాల యుద్ధసామగ్రికి నిలయమైపోయెను. పశువులు అందులోనికి వచ్చినది 1928లో! ఒక సామాన్యమైన కబేళాకు ఇరువదేండ్లు. ఈ సంఖ్య వద్ద నేను కొంచెము ఆగుచున్నాను. నాలుగేండ్ల కొకమారు సభకు ఎన్నికలు జరుగు ఆ కాలమున, ఈ ఇరువదేండ్లలో మేయర్లు నలుగురైదుగురు మారియున్నచో, ఒకడు పునాది త్రవ్వును, రెండవవాడు లెక్క లడుగును, మూడవవాడు ఆ చోటు తగదనును, నాలుగవవాడు మరియొక చోట మరల పునాది త్రవ్వును. మన యూళ్లలో పెద్దలు గోడల మట్టునకు లేపి వదలివేసిన సత్రములను, అంగడివీధులను చూచినవారికి ఇది వివరింప బనిలేదు.

ఆసుపత్రి చరిత్రము ఇంతకంటెను దీర్ఘము. రోన్ నది యొడ్డున ఒతెల్ ద్యూ అను ప్రాచీనమైన ధర్మవైద్యశాల యుండెను; 1532 ప్రాంతమున మహారచయిత రాబ్లే అందు వైద్యుడుగా నుండెనను కీర్తి దానికి కలదు. కీర్తి యెంత యున్నను గదులు చీకటివి, మంచములు క్రిక్కిరిసినవి, ఒకరి రోగము మరియొకరి కంటునవి. ఊరికి తూర్పున గ్రాంజ్ బ్లాన్ష్ అనుచోట విశాలమైన భూమిని తీసికొని, ఉత్తర ఐరోపాలోని క్రొత్త ఆసుపత్రుల పద్ధతులను పరిశీలించి, ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క విడి మందిరముగా, మందిరమునకు మందిరమునకు నడుమ తోటలతో గార్నియే పటము గీసెను. చలిలోను వానలోను రోగులను ఒక మందిరమునుండి మరియొక మందిరమునకు మోసికొనిపోవుటకు భూమిలోపల సొరంగ మార్గములను ఏర్పరచెను. యుద్ధమునకు ముందే పని మొదలయ్యెను, యుద్ధమున ఆగెను, మరల సాగెను, ధనము చాలక మందగించెను, మరల సాగెను. 1933లో ఆసుపత్రి తలుపులు తెరచునాటికి, పటము చేతబట్టుకొని కలలు గన్న ముప్పదియేండ్ల వాడు అరువది దాటిన వృద్ధుడయ్యెను. నేటికిని ఆ వైద్యశాల ఎద్వార్ ఎరియో పేరనే పిలువబడుచున్నది.

ఇవియే కాక జెర్లాను పేటలో ఆటల మైదానమును, అమెరికా సంయుక్తరాష్ట్రముల పేరిట వెలసిన పేటలో శ్రామికుల గృహసముదాయమును కూడ గార్నియే చేతనే కట్టించెను.

యుద్ధకాలమున చేసిన రెండు పనులను చెప్పి ముందునకు సాగెదను. 1914 డిసెంబరులో, యుద్ధమారంభమై అయిదు మాసములైనను నిండకముందే, కాలో చేయియో పోగొట్టుకొని ఇల్లుచేరిన సైనికులకు క్రొత్త వృత్తులు నేర్పుటకై లియానులో ఎరియో ఒక పాఠశాలను స్థాపించెను. ఫ్రాన్సులో అట్టి పాఠశాలలకు అదియే మొదటిది. అంగహీనుడైన వీరునికి పతకమిచ్చి పంపివేయుట అన్ని రాజ్యములు ఎరిగినదే. వానికి లెక్కలు వ్రాయుటయో, చెప్పులు కుట్టుటయో నేర్పి కూలి దక్కునట్లు చేయవలెనను బుద్ధి పుట్టినది ఈ సాహిత్యోపాధ్యాయునికి. రెండవది, 1916 మార్చిలో ఆరంభించిన లియాను వర్తకపు సంత. జర్మనీలోని లైప్సిగు సంత ఐరోపా వర్తకమంతటికిని కూడలి. దానికి పోటీగా, ఒకవైపు వెర్డను యుద్ధభూమి మండుచుండగా, నగర వీధులలోను నదీతీరములలోను చెక్క అంగళ్లు వేయించి దేశదేశముల వర్తకులను రప్పించెను. తరువాత ఆ సంతకు రోన్ తీరమున శాశ్వతమైన భవనమే వెలసెను.

ఇక ఆయన దేశరాజకీయము. 1924లో వామపక్షముల కూటమికి నాయకుడై ప్రధానమంత్రి యయ్యెను. జర్మనీలోని రూరు ప్రాంతమునుండి ఫ్రెంచి సైన్యమును మరలించుటకు ఒప్పుకొనెను. సోవియట్ రష్యాను గుర్తించెను. పదిమాసములకు ధనస్వాముల వ్యతిరేకతయు ఖజానా చిక్కులును కలసి ఆయనను దింపివేసినవి. 1926లో మరల ప్రధాని యయ్యెను; ఆ మంత్రివర్గము మూన్నాళ్ల ముచ్చట. 1932లో మూడవమారు, అమెరికాకు చెల్లింపవలసిన యుద్ధఋణపు వాయిదాను చెల్లించి తీరవలెనని పట్టుబట్టి ఆరుమాసములకే ఓడెను. ఈ మూడు పర్యాయములును ఆయన లియాను మేయరే. పారిసులో పదవి పోయిన మరునాడు, ఆయనకు చేయవలసిన పని తెర్రో కూడలిలోని నగరమందిరమున సిద్ధముగనే యుండెడిది. ఈ మనుష్యుని ధైర్యమునకు మూలము అదియే యని నాకు తోచును.

ఆయన తప్పులను దాచిన నేను ఆయనను గౌరవించినట్లు కాదు. 1933 వేసవిలో సోవియట్ ప్రభుత్వపు అతిథియై ఉక్రెయిన్ దేశమున తిరిగి, అచ్చట లక్షలాది జనులు ఆకలిచే కృశించి చనిపోయిన దుర్భిక్షమును కానక, చూపింపబడిన తోటలనే చూచి, కరవు లేదని లోకమునకు చాటెను. ఆసుపత్రి తెరచిన సంవత్సరముననే ఈ మాట పలుకుట ఎంతటి విషాదము! తన యూరిలో ప్రతి మురుగు కాలువయు ఎరిగిన కన్ను, పరదేశమున ఆతిథేయుల తెరను దాటి చూడలేకపోయెను. తన యూర కూడ ఆయన తొందరపాటునకు గుర్తు ఒకటి నిలిచియున్నది. క్రొత్త ఆసుపత్రి వచ్చినది గదా యని, బెల్‌కూర్ మైదానము చెంతనున్న 'శారితే' అను పదునేడవ శతాబ్దపు ధర్మాసుపత్రిని 1934లో పడగొట్టించి, ఆ స్థలమున తపాలా మందిరమునకు చోటిచ్చిరి. ప్రజలు మొరపెట్టుటచే గంట గోపురము మాత్రము మిగిలినది. నేటికిని అది తన యిల్లు కోల్పోయినదానివలె ఒంటరిగా నిలిచి కనబడును.

1940 వచ్చెను, ఫ్రాన్సు కూలెను. అప్పుడు ఎరియో ప్రతినిధుల సభకు అధ్యక్షుడు. జూలై 10వ తేదీని విషీ నగరమున పార్లమెంటు తన సర్వాధికారములను మార్షలు పేతాఁకు అప్పగించినప్పుడు, ఎనుబదిమంది 'కాదు' అనిరి. ఎరియో ఆ ఎనుబదిమందిలో లేడు. ఓటు వేయక ఊరకుండెను. ఆ మౌనమును ఆయన భక్తులును సులభముగా సమర్థింపజాలరు. కాని క్రొత్త ప్రభువులకు ఆ మౌనమును చాలలేదు. ఆయనను మేయరు పదవినుండి తొలగించిరి. 1942లో, హిట్లరు పక్షమున పోరాడిన ఫ్రెంచివారికి విషీ ప్రభుత్వము 'లీజియన్ ఆఫ్ ఆనర్' బిరుదము నొసగగా, ఎరియో తన బిరుద చిహ్నమును తిప్పి పంపెను. పిమ్మట నిర్బంధము, 1944లో జర్మనీకి తరలింపు. ఆ యేండ్లలో లియాను నగరము ప్రతిఘటనోద్యమమునకు రాజధాని యయ్యెను. 1944 సెప్టెంబరు మొదట జర్మను సైన్యము తొలగిపోవుచు రెండు నదులపై వంతెనలను దాదాపుగా అన్నింటిని ప్రేల్చివేసి పోయెను. సంగమనగరమునకు వంతెన లేకుండుట యనగా దేహమునకు నాడి లేకుండుట.

ఎరియోను 1945 ఏప్రిలులో పోట్స్‌డాము చెంత సోవియట్ సైనికులు విడిపించిరి. మే నెలలో లియాను సభ ఆయననే మరల మేయరుగా ఎన్నుకొనెను. అప్పటి కాయనకు డెబ్బదిమూడేండ్లు నిండవచ్చుచుండెను. విరిగిన వంతెనలు, ఇండ్లు లేని జనము ఆయనకై ఎదురుచూచుచుండిరి. వంతెనలు మరల లేచినవి. గౌరవములును వచ్చినవి: 1946లో ఫ్రెంచి అకాడమీ సభ్యత్వము, 1947 నుండి 1954 వరకు జాతీయసభాధ్యక్షత. కాని యౌవనమున గార్నియేను వెదకి పట్టుకొనిన వేగము ఈ వృద్ధునియందు లేకపోయెను. పల్లెలనుండి వచ్చిపడుచున్న జనమునకు ఇండ్లు కట్టుటలో లియాను వెనుకబడెనని విమర్శించినవారి మాటలో సత్యము కలదు. దీర్ఘకాలము ఒక్కడే యుండుటవలన పని పూర్తియగును. ఆ దీర్ఘకాలమే మరి కొంత సాగినచో, క్రొత్త పని ఆరంభింపవలసిన చేయి బరువెక్కును. ఈ రెండును ఒక్క జీవితముననే కనబడుచున్నవి. గార్నియే 1948లో గతించెను. 1954 ఆగస్టులో ఐరోపా ఉమ్మడి సైన్యపు ఒడంబడికను ఎదిరించి ఎరియో జాతీయసభలో చేసిన ప్రసంగము, నిలుచు శక్తిలేక కూర్చుండి చేసినది.

1957 మార్చి 26వ తేదీని, లియాను శివారునందలి సాన్-జెనీ-లవాల్ వైద్యశాలలో ఆయన మరణించెను. మతాధికారమును జీవితమంతయు ఎదిరించిన ఈ రాడికలుకు క్రైస్తవ సంస్కారము జరుపవలెనా యను విషయమై కార్డినల్ జెర్లియేకును ఎరియో మిత్రులకును నడుమ వివాదము రేగెను. ఫుర్వియేర్ కొండపైని లోయాస్ శ్మశానమున ఆయనను సమాధి చేసిరి. ఆ వసంతముననే నగర సభ్యులు సమావేశమై లూయీ ప్రాడెలును మేయరుగా నెన్నుకొనిరి. ఆయనయు 1976లో మరణించువరకు, పందొమ్మిదేండ్లు, ఆ పీఠమును వీడలేదు. 1940 నుండి 1945 వరకు గడచిన చీకటి దినములను మినహాయించినచో, డెబ్బదియొక్క సంవత్సరములలో లియాను నగరమందిరమున ఆ కుర్చీలో కూర్చుండిన మేయర్లు ఇరువురే.